లేయర్లు అన్నీ వచ్చాయి, బొమ్మ మాత్రం రాలేదు

ఈమధ్య ఒక యానిమేటర్‌తో కలిసి పనిచేస్తున్నాను. మొన్న ఆమె ఫోన్ చేసి, "అక్కా, ఫైల్ తెరిచాను. లేయర్లు అన్నీ వచ్చాయి, ఒక్కటీ పోలేదు" అంది. అది ఫొటోషాప్‌లో, ఒకదాని మీద ఒకటి పరిచిన లేయర్లతో (పొరలతో) నేను వేసిన బొమ్మ. ఆమె వాడేది వేరే ప్రోగ్రాం. ఒకసారి స్క్రీన్ షేర్ చేయమన్నాను. ఆమె చెప్పింది నిజమే. పేర్లు ఉన్నాయి, గ్రూపులు ఉన్నాయి, వరస కూడా తప్పలేదు. నీడ లేయర్ మీద క్లిక్ చేస్తే బ్లెండ్ మోడ్, అంటే లేయర్ కింది రంగుతో ఎలా కలవాలో చెప్పే చోట, మల్టిప్లై (కింది రంగును గుణించి ముదురు చేసేది) అనే చూపిస్తోంది. కానీ పిల్లవాడి కాళ్ల కింద నీడ ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఒకటి కనిపించింది. దాని కింద పచ్చగడ్డి ముదురు పచ్చగా మారాలి. మారలేదు. అక్కడ గడ్డే కనబడటం లేదు.

కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. నా ఫైల్‌లో పిల్లవాడికి సంబంధించిన లేయర్లన్నీ ఒక గ్రూప్‌లో ఉన్నాయి. ఆ గ్రూప్ పాస్ త్రూ మోడ్‌లో ఉంది. అంటే గ్రూప్ కేవలం లేయర్ల జాబితా చూపే ప్యానెల్‌లో సర్దుకోవడానికే. లోపలి లేయర్లు బయట ఉన్న గడ్డితో నేరుగానే కలుస్తాయి. ఆమె ప్రోగ్రాం దాన్ని అలా చదవలేదు. ముందు గ్రూప్ లోపలిదంతా ఒక విడి బొమ్మగా కలిపేసి, తర్వాత ఆ బొమ్మను తెచ్చి గడ్డి మీద పెట్టింది. గ్రూప్ లోపల నీడ కింద ఏమీ లేదు. గుణించడానికి ఏమీ దొరక్కపోతే మల్టిప్లై ఏం చేస్తుంది? బూడిదరంగు బూడిదరంగుగానే మిగిలింది.

ఇందులో ఆమె పొరపాటేమీ లేదు. "లేయర్లు పోకుండా పంపండి" అనే మాటను ఈ రంగంలో అందరం అలాగే అర్థం చేసుకుంటున్నాం. ప్యానెల్ తెరిచి లేయర్లు లెక్కపెట్టుకుంటాం, సరిపోతే ఊపిరి పీల్చుకుంటాం. నాకు ఈ అలవాటు మీదే అభ్యంతరం. ఒక డిజైన్ ప్రోగ్రాం నుంచి మరో దానికి బొమ్మ వెళ్తున్నప్పుడు ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఫ్లాటెన్ కాక, అంటే కొన్ని లేయర్లు కలిసి ఒకే బొమ్మ కాక, తప్పదు. అది ఎక్కడ జరగాలి, ఏది కలిసిపోవాలి, ఏది విడిగా నిలవాలి అనేది బొమ్మ వేసిన మనిషే ముందుగా తేల్చి, తన చేత్తోనే చేసి పంపాలి. ఎక్స్‌పోర్ట్ బాక్సులో ఒక టిక్‌కో, అవతలి ప్రోగ్రాం వేసుకునే ఊహకో ఆ నిర్ణయాన్ని వదిలేయకూడదు.

లేయర్ ఇప్పుడు పొర కాదు

ఫొటోషాప్‌లోకి లేయర్లు 1994లో, 3.0 వెర్షన్‌తో వచ్చాయి. అప్పటి లేయర్ అంటే కొన్ని పిక్సెళ్లు, దానికొక ఓపాసిటీ (ఎంత చిక్కగా కనబడాలో చెప్పే సంఖ్య), ఒక బ్లెండ్ మోడ్. ఇంకో ప్రోగ్రాం దాన్ని చదవడం పెద్ద కష్టం కాదు. 1996లో అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వచ్చాయి. వాటిలో బొమ్మంటూ ఏమీ ఉండదు, కింద ఉన్నదాన్ని ఎలా మార్చాలో చెప్పే సూచన మాత్రమే ఉంటుంది. 1998లో లేయర్ ఎఫెక్టులు, దిద్దుకోగల టెక్స్ట్ లేయర్లు. 2000లో గ్రూపులు, వెక్టర్ ఆకారాలు (పిక్సెళ్లతో కాక గీతల లెక్కతో గీసేవి). 2005లో స్మార్ట్ ఆబ్జెక్టులు, అంటే లేయర్ లోపల ఇంకో ఫైల్. ఇలా వచ్చిన ప్రతి సౌకర్యంతో లేయర్ బొమ్మగా ఉండటం తగ్గి, లెక్కగా మారుతూ వచ్చింది. లెక్క చేయడానికి లెక్క చేసే యంత్రం కావాలి. ఆ యంత్రం ఫొటోషాప్ లోపల ఉంది, ఫైల్‌లో లేదు.

బ్లెండ్ మోడ్‌నే చూడండి. పీడీఎఫ్ ప్రమాణంలో ఉన్నవి 16. ఫొటోషాప్‌లో అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయి. వివిడ్ లైట్, లీనియర్ లైట్, హార్డ్ మిక్స్ లాంటివి ఆ 16లో లేవు. వాటితో వేసిన బొమ్మను పీడీఎఫ్‌గా మార్చినప్పుడు ఏదో ఒకటి కలిపేయాల్సిందే, వేరే దారి లేదు. ఇది అయినా పర్వాలేదు, కళ్లకు కనబడుతుంది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండు చోట్లా ఒకే పేరుతో ఉండి, లోపల వేరే లెక్క చేసేవి. సాఫ్ట్ లైట్ అలాంటిది. ఫొటోషాప్ వాడే సూత్రం ఒకటి, పీడీఎఫ్‌లోనూ వెబ్ ప్రమాణంలోనూ రాసిన సూత్రం ఇంకొకటి. తేడా చిన్నదే. కానీ మొహం మీద వెలుగు కోసం సాఫ్ట్ లైట్ వాడినవాళ్లకు ఆ చిన్న తేడాయే కనబడుతుంది. జింప్ అనే ఉచిత ప్రోగ్రాం 2018లో 2.10 వెర్షన్ తెచ్చినప్పుడు సాధారణ (నార్మల్) మోడ్‌లో రంగులు కలపడాన్ని లీనియర్ కాంతి లెక్కకు, అంటే అసలు కాంతి ఎంత ఉందో దాని ప్రకారం కలిపే లెక్కకు, మార్చింది. పాత పద్ధతి కావాలంటే లెగసీ మోడ్‌లు విడిగా ఉంచింది. కాంతి శాస్త్రం ప్రకారం కొత్త లెక్కే సరైనది. అయినా సగం పారదర్శకంగా ఉన్న అంచు ఒక లెక్కలో ఒకలా, ఇంకో లెక్కలో ఇంకోలా కనిపిస్తుంది. రెండూ ఒకే ఓపాసిటీ సంఖ్యను చూపిస్తాయి.

అందుకే ప్యానెల్‌ను చూసి తృప్తి పడటం కుదరదంటున్నాను. ప్యానెల్ చెప్పేది లేయర్ పేరేమిటో, మోడ్ పేరేమిటో. ఆ మోడ్ ఏం చేస్తుందో ప్యానెల్ చెప్పదు.

ఫైల్ లోపలికి వెళ్లి చూస్తే

ఫొటోషాప్ సొంత ఫైలైన పీఎస్‌డీ ఎలా ఉంటుందో దాన్ని తయారుచేసే అడోబీ కంపెనీ వెబ్‌లో రాసి పెట్టింది, ఎవరైనా చదువుకోవచ్చు. చదివితే కొన్ని ఏళ్లనాటి చిక్కులకు అప్పటికప్పుడు జవాబు దొరుకుతుంది. ఉదాహరణకు గ్రూపులు. మొదట్లో ఈ ఫార్మాట్‌లో లేయర్లు ఒకదాని కింద ఒకటి ఉండే వరస మాత్రమే, గ్రూప్ అనే ఆలోచనే లేదు. తర్వాత గ్రూపులు చేర్చాల్సి వచ్చినప్పుడు పాత నిర్మాణాన్ని కదపలేదు. అదే వరసలో గ్రూప్ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో చెప్పే ఉత్తుత్తి లేయర్లను పెట్టారు. ఫొటోషాప్ వాటిని మనకు కనబడనివ్వదు. కొన్ని ప్రోగ్రాంలు వాటిని గుర్తించవు. అప్పుడు గ్రూపులన్నీ విడిపోయి, మధ్యమధ్యలో ముందు ఒక గీత పెట్టి 'లేయర్ గ్రూప్' అని రాసిన ఖాళీ లేయర్లు ప్రత్యక్షమవుతాయి. అవి ఎవరు పెట్టారో తెలియక జనం తల పట్టుకుంటారు. పొరపాటున డిలీట్ చేసి సేవ్ చేస్తే గ్రూప్ హద్దు కూడా పోయినట్టే.

లేయర్ పేర్ల సంగతీ ఇంతే. పీఎస్‌డీలో ప్రతి లేయర్‌కూ పేరు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి పాత పద్ధతిలో, 255 బైట్లకు మించని పేరు. రెండోది ఆ తర్వాత చేర్చిన యూనికోడ్ పేరు. పాతదాన్ని మాత్రమే చదివే ప్రోగ్రాంలో లేయర్లకు తెలుగులో పెట్టిన పేర్లు ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గీతలుగానో కనిపిస్తాయి. అరబిక్‌కైనా, జపనీస్‌కైనా అంతే. నాకు తెలుగులో పేర్లు పెట్టుకోవడం ఇష్టం, నా పని ఫైళ్లలో అలాగే పెడతాను. బయటకు పంపే కాపీలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేమీ ఉంచను. ఇది నాకు నచ్చి చేసే పని కాదు.

ఇక అసలు సమస్య, ఫైల్‌లో రెండు బొమ్మలు ఉండటం. పీఎస్‌డీ చివర్లో అన్ని లేయర్లూ కలిపేసిన ఫ్లాట్ బొమ్మ ఒకటి ఉంటుంది, సేవ్ చేసేటప్పుడు మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అని అడిగేది దాని గురించే. లేయర్లను అర్థం చేసుకోలేని ప్రోగ్రాం ఆ ఫ్లాట్ బొమ్మను చూపించి "తెరిచాను" అంటుంది. టెక్స్ట్ లేయర్‌లో కూడా అక్షరాల సమాచారంతో పాటు వాటి పిక్సెల్ బొమ్మ ఉంటుంది. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేది ఆ బొమ్మే. అంతా బాగానే ఉందనుకుంటాం. ఒక్క అక్షరం దిద్దబోతే మొత్తం మారిపోతుంది.

టిఫ్ అనే బొమ్మల ఫార్మాట్‌లో ఇది ఇంకా లోతుగా దాక్కుని ఉంటుంది. ఫొటోషాప్ టిఫ్‌లో లేయర్లను సేవ్ చేయగలదు, కానీ వాటిని తనకే అర్థమయ్యే ఒక ప్రత్యేక ట్యాగ్‌లో పెడుతుంది. మిగతా ప్రోగ్రాంలు ఆ ట్యాగ్‌ను పట్టించుకోకుండా ఫ్లాట్ బొమ్మను చదువుతాయి. ఎవరైనా దాన్ని తెరిచి, చిన్న క్రాప్ చేసి, అదే పేరుతో సేవ్ చేశారనుకోండి. లేయర్లన్నీ పోతాయి. ఎక్కడా హెచ్చరిక రాదు, ఎందుకంటే ఆ ప్రోగ్రాం దృష్టిలో అక్కడ లేయర్లు ఎప్పుడూ లేవు. ఒకప్పుడు ఫైర్‌వర్క్స్ అనే వెబ్ బొమ్మల ప్రోగ్రాం కూడా తన లేయర్లన్నిటినీ పీఎన్‌జీ ఫైల్‌లోనే దాచేది. ఆ పీఎన్‌జీని మరో ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే ఇదే జరిగేది.

అడోబీ వెక్టర్ ప్రోగ్రాం ఇలస్ట్రేటర్ ఫైల్ గురించి అపోహలు ఇంకా ఎక్కువ. 2000లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి ఏఐ ఫైల్‌లో (ఇలస్ట్రేటర్ సొంత ఫైల్, కృత్రిమ మేధ కాదు) రెండు భాగాలు ఉంటున్నాయి. ఒకటి ఇలస్ట్రేటర్ తన కోసం దాచుకునే సమాచారం, రెండోది మామూలు పీడీఎఫ్. "మా ప్రోగ్రాంలో ఏఐ ఫైళ్లు తెరుచుకుంటాయి" అని చెప్పేవాటిలో చాలావరకు చదివేది ఆ పీడీఎఫ్ భాగాన్నే. సేవ్ చేసేటప్పుడు పీడీఎఫ్ కంపాటిబుల్ అన్న టిక్ తీసేసి ఉంటే, బొమ్మ బదులు 'ఈ ఫైల్‌ను పీడీఎఫ్ కంటెంట్ లేకుండా సేవ్ చేశారు' అన్న సందేశంతో ఒక పేజీ వస్తుంది. టిక్ ఉన్నా వచ్చేది సగమే. పేరా టెక్స్ట్ లైన్లుగా, ఒక్కోసారి ముక్కలుగా విడిపోతుంది. ఎఫెక్టులు విడి ఆకారాలుగానో పిక్సెళ్లుగానో మారతాయి. ఒకదాని లోపల ఒకటి క్లిప్పింగ్ గ్రూపులు (ఒక ఆకారం హద్దులో మిగతావి కత్తిరించి చూపేవి) వరసగా కనిపిస్తాయి. పీడీఎఫ్‌లో లేయర్లకు చోటు లేదని కాదు. 2003లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి ఉంది. కానీ అది చూపించడానికీ దాచడానికీ పెట్టిన ఏర్పాటు. మళ్లీ కూర్చుని పనిచేసుకోవడానికి పెట్టింది కాదు.

ఏది విడిగా ఉండాలి?

ఇంత చెప్పి "కాబట్టి అంతా ఫ్లాటెన్ చేసి పంపేయండి" అంటానని ఎవరైనా అనుకుంటే, సరిగ్గా దానికి వ్యతిరేకంగానే వాదిస్తున్నాను. ఫ్లాట్ బొమ్మ పంపడం అవతలి మనిషి చేతులు కట్టేయడమే. ఒక తేదీ మారినా, ఒక రంగు మారినా వాళ్లు మొదటికి రావాలి, లేదా మళ్లీ మన దగ్గరకు రావాలి. లేయర్లతో పంపే ఫైల్ కచ్చా కుట్లు వేసిన బట్ట లాంటిది. ఎక్కడ విప్పాల్సి రావచ్చో తెలిసినవాళ్లే ఆ కుట్లు ఎక్కడ వేయాలో చెప్పగలరు.

నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ఫైల్ అందుకునే మనిషి ఇందులో ఏం మార్చాల్సి వస్తుంది? యానిమేటర్ అయితే చేతిని భుజం నుంచి విడిగా కదపాలి. కాబట్టి చేయి వెనక దాగి ఉన్న చొక్కా కూడా గీసి ఉండాలి. అది లేకుండా లేయర్ విడిగా ఉండి లాభం లేదు, చేయి పక్కకు జరిగితే కింద రంధ్రం కనబడుతుంది. వెబ్ పేజీ కట్టేవాళ్లకు ఆకారాలు, వాటి పేర్లు కావాలి, నా ముప్పై రంగుల పొరలు అక్కర్లేదు. అనువాదం చేసేవాళ్లకు మాటలు కావాలి. ప్రింటింగ్‌కు పంపితే రంగుల లెక్క మారకపోవడం ముఖ్యం, లేయర్లు అంతగా కాదు.

పైన చెప్పిన నీడ దగ్గరకే వస్తాను. మొదట నాకు తట్టింది నీడను గడ్డిలోకి కలిపేద్దామని. చూడటానికి అచ్చం నా బొమ్మలాగే ఉండేది. కానీ ఆమె పిల్లవాడిని గెంతించాలి. పిల్లవాడు పైకి లేచినప్పుడు నీడ చిన్నదై, పలచబడి, కిందే ఉండాలి. గడ్డిలో కలిసిపోయిన నీడతో ఆ పని కుదరదు. అంటే నీడ విడిగా ఉండి తీరాలి, మల్టిప్లై మాత్రం వెళ్లిపోవాలి. దీనికి చక్కని దారి ఉంది. నీడ రంగు కలవని శుద్ధమైన బూడిద అయితే, మల్టిప్లైలో పెట్టిన బూడిదకూ నార్మల్ మోడ్‌లో తక్కువ ఓపాసిటీతో పెట్టిన నలుపుకూ ఫలితం అచ్చంగా ఒకటే. ప్రకాశం 60 శాతం ఉన్న బూడిదను మల్టిప్లై చేస్తే కింద ఉన్న రంగు 60 శాతానికి తగ్గుతుంది. నలుపును 40 శాతం ఓపాసిటీతో పెట్టినా అంతే జరుగుతుంది. నార్మల్ మోడ్ కాబట్టి గ్రూప్ పాస్ త్రూ అయినా కాకపోయినా తేడా రాదు. నీడ లేయర్‌ను అలా మార్చి పంపాను. ఇది ఏ ఎక్స్‌పోర్ట్ ఆప్షనూ చేయదు. నీడ దేనికి ఉందో, అవతల దాన్ని ఏం చేయబోతున్నారో ఆప్షన్‌కు తెలియదు కదా.

ప్రతిసారీ ఇంత శుభ్రంగా కుదురుతుందని చెప్పను. నీడ నీలంగా ఉంటే పై లెక్క సరిపోదు, దగ్గరగా వస్తుందంతే. బొమ్మ మొత్తం మీద ఒక కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ (వెలుగునీడలను సవరించేది) పెట్టి ఉంటే దాన్ని కింద ఉన్న ప్రతి లేయర్‌కూ విడివిడిగా వర్తింపజేయవచ్చు. గట్టి అంచులున్న చోట్ల బాగానే వస్తుంది, మెత్తటి అంచుల దగ్గర కొద్దిగా తేడా వస్తుంది. రెండు రంగులు కలిశాక మార్చడమూ, మార్చాక కలపడమూ ఒకటి కావు. అలాంటప్పుడు ఏది వదులుకోవాలి, అంచు నాణ్యతనా, విడిగా ఉండటాన్నా? ఆ బొమ్మను వేసినవాళ్లు మాత్రమే చెప్పగలరు. నా వాదన అంతా ఇక్కడే ఉంది.

ఎదురు వాదనలు

నాతో చాలాకాలంగా పనిచేసే ఒక మిత్రుడు దీన్ని ఒప్పుకోడు. "అసలు ఫైల్ ఇచ్చేయ్, పక్కన ఒక పీఎన్‌జీ పెట్టు, చూసి సరిచేసుకుంటారు. నువ్వు ముందే కలిపేస్తే వాళ్లకు కావాల్సింది నువ్వు పోగొట్టే ప్రమాదం ఉంది కదా" అంటాడు. ఇందులో బలం ఉంది. అవతలివాళ్లకు రేపు ఏం కావాలో నాకు పూర్తిగా తెలియదు. అందుకే అసలు ఫైల్ ఇవ్వకూడదని నేను అనను. రెండూ ఇస్తాను. కానీ అసలు ఫైల్ మాత్రమే ఇచ్చి, పీఎన్‌జీ చూసి సరిచేసుకోమనడం నా పనిని వాళ్ల మీదకు నెట్టడమే. పీఎన్‌జీ ఎలా ఉండాలో చూపిస్తుంది, ఎందుకు అలా లేదో చూపించదు. పాస్ త్రూ సంగతి తెలియని మనిషి ఆ నీడతో గంటలకొద్దీ కుస్తీ పడతాడు, లేకపోతే కొత్త నీడ తనే గీసుకుంటాడు. అయితే ఆ పీఎన్‌జీ పెట్టమన్న సలహా మాత్రం నూటికి నూరు పాళ్లూ సరైనది. అది లేకుండా ఏ ఫైలూ పంపకూడదు.

ఇంకో వాదన కూడా తరచుగా వినిపిస్తుంది. ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీలు తేల్చాల్సిన సమస్య, ఆ భారం బొమ్మలు వేసేవాళ్ల నెత్తిన ఎందుకు? ఈ కోపం నాకూ ఉంది. అందరికీ పనికొచ్చే ఫార్మాట్ కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. ఓపెన్‌రాస్టర్ 2006లో మొదలైంది. జిప్ ఫైల్ లోపల ఒక్కో లేయర్‌కు ఒక పీఎన్‌జీ, ఏది ఏ వరసలో ఉందో చెప్పే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్, అంతా కలిపిన బొమ్మ ఒకటి. ఎంత సాదాగా ఉంటుందంటే, ఏ డిజైన్ ప్రోగ్రాం లేకపోయినా జిప్ విప్పి లేయర్లు తీసుకోవచ్చు. క్రిటా, జింప్, మైపెయింట్ దాన్ని చదువుతాయి. స్కెచ్ అనే డిజైన్ ప్రోగ్రాం 2017లో తన ఫైల్‌ను జిప్‌లో పెట్టిన జేసన్ అనే, ఎవరైనా చదవగల టెక్స్ట్ రూపానికి మార్చి, నిర్మాణాన్ని బయటపెట్టింది. దానివల్ల ఇతర ప్రోగ్రాంలు స్కెచ్ ఫైళ్లను చదవడం చాలా తేలికైంది.

కానీ ఓపెన్‌రాస్టర్‌లో టెక్స్ట్ లేయర్లు లేవు, ఫొటోషాప్ తరహా అడ్జస్ట్‌మెంట్లు లేవు. అందరికీ అర్థమయ్యేది అందరిలోనూ ఉన్నది మాత్రమే. ఎంత మంచి ఉమ్మడి ఫార్మాట్ వచ్చినా ఏదో ఒక కంపెనీ దానికి మించి కొత్త సౌకర్యం తెస్తుంది. మనం దాన్ని సంతోషంగా వాడతాం, వాడాలి కూడా. కాబట్టి ఈ అంతరం పోయేది కాదు. వెక్టర్ వైపు పరిస్థితి కాస్త నయం. ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫార్మాట్‌లో లేయర్ అనేదే లేదు, గ్రూపులే ఉన్నాయి. ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ ప్రోగ్రాం తన లేయర్లను గుర్తుపెట్టుకోవడానికి గ్రూప్‌కు తన సొంత గుర్తు ఒకటి తగిలిస్తుంది. వేరే ప్రోగ్రాం ఆ గుర్తును పట్టించుకోకపోయినా గ్రూప్ ఎక్కడికీ పోదు. నష్టం చిన్నది, సరిచేసుకోవచ్చు.

కంపెనీలను ఒకటి మాత్రం గట్టిగా అడగాలి. బయటి ఫైల్‌ను తెరిచినప్పుడు ఏమేం మార్చారో చెప్పాలి. ఫాంట్ లేకపోతే లేదని చెప్పే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆ గ్రూప్‌ను పాస్ త్రూగా చదవలేకపోయాను, ఈ ఎఫెక్టును పిక్సెళ్లుగా మార్చాను అని ఒక్క జాబితా చూపించడం అంతకంటే కష్టమేమీ కాదు. మార్పు చేస్తున్నది ప్రోగ్రామే, చేస్తున్న క్షణంలో దానికి తెలుసు. తెలిసీ చెప్పకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

సమయం పడుతుందన్న మాట కూడా నిజమే. పంపడానికి విడిగా ఒక కాపీ తయారుచేయడానికి పెద్ద ఫైల్ అయితే సగం పూట పోతుంది. ఆ సగం పూటను పనిలో భాగంగా లెక్కేసుకోవాలని, ఒప్పుకునేటప్పుడే చెప్పాలని నా అభిప్రాయం.

అక్షరాల దగ్గర ఎటూ తేలదు

నాకు స్థిరమైన సమాధానం లేనిది టెక్స్ట్ లేయర్ల విషయంలోనే. తెలుగులాంటి లిపికి అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పెడితే చాలదు. గుణింతాలు, ఒత్తులు సరైన చోట కూర్చోవడానికి ప్రోగ్రాంలో ఒక షేపింగ్ ఇంజిన్ పనిచేయాలి. అడోబీ ప్రోగ్రాంలలో దీనికోసం వరల్డ్ రెడీ కంపోజర్ ఉంది. అది ఎంచుకోని చోట ఒత్తు కింద కూర్చోవడం మానేసి పక్కకు వచ్చి నిలబడటం తెలుగులో డిజైన్ చేసేవాళ్లందరూ చూసిందే. అంటే ఫాంట్ ఉన్నా, టెక్స్ట్ లేయర్ భద్రంగా వచ్చినా, అక్షరం తప్పుగా పడొచ్చు. పైగా తెలుగు చదవడం రాని మనిషి ఆ ఫైల్‌ను అందుకుంటే తప్పు పడిందని కూడా గుర్తించలేరు.

అందుకని కర్వ్స్ చేసేయడం మన దగ్గర స్థిరపడిపోయిన పద్ధతి. అక్షరాలు ఆకారాలుగా మారిపోతాయి, ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటాయి. కానీ చివరి నిమిషంలో ఒక పేరులో దీర్ఘం తప్పిందని తెలిస్తే? ఆకారాల్లోంచి దీర్ఘం పుట్టించలేం. కర్వ్స్ చేసిన లేయర్‌ను పైకి కనబడేలా ఉంచి, అసలు టెక్స్ట్ లేయర్‌ను కింద దాచి పంపితే రెండూ దక్కుతాయని కొంతకాలం అనుకున్నాను. దాచిన లేయర్లను కొన్ని ప్రోగ్రాంలు ఇంపోర్ట్‌లో వదిలేస్తాయి. కొన్నిచోట్ల ఎవరో పొరపాటున కన్ను గుర్తు నొక్కి రెండూ ఒకదాని మీద ఒకటి అచ్చు వేయించే ప్రమాదం ఉంది. దాంతో ఇప్పుడు కర్వ్స్ చేసిన కాపీ పంపి, మాటలన్నీ యూనికోడ్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌లో పెడుతున్నాను. ఫాంట్ పేరు, సైజు, లైన్ల మధ్య దూరం కూడా అందులోనే రాస్తాను. ఫాంట్ లైసెన్స్ ఒప్పుకోకపోతే ఫాంట్ ఫైల్ పంపడం కుదరదు కాబట్టి కనీసం పేరైనా తెలియాలి. దీనితో తృప్తి లేదు, కానీ ఇంతకంటే నమ్మదగినది నాకు దొరకలేదు.

ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు

ఇప్పటిదాకా ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వెళ్లే ఫైల్ గురించే మాట్లాడాను. మన ఫైల్ మనకే తిరిగి వచ్చే సందర్భాలు కూడా ఉంటాయి. ఫ్రీహ్యాండ్ ఒకప్పుడు ఇలస్ట్రేటర్‌కు గట్టి పోటీ. దాన్ని తయారుచేసే మాక్రోమీడియాను అడోబీ 2005లో కొన్నది, 2007లో ఫ్రీహ్యాండ్‌ను ఇక ముందుకు తీసుకెళ్లబోమని చెప్పేసింది. ఫైర్‌వర్క్స్‌కు 2013లో అదే జరిగింది. అడోబీ డిజైన్ ప్రోగ్రాం ఎక్స్‌డీని 2023లో నిర్వహణకే పరిమితం చేశారు. వాటిలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఎవరూ ఇంకో ప్రోగ్రాంకు మారాలని కోరుకోలేదు, మారాల్సి వచ్చింది. 2014లో మొదలైన డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ లాంటివి పాత ఫార్మాట్లను విప్పి చదివే లైబ్రరీలు రాశాయి కాబట్టి ఫ్రీహ్యాండ్, కోరల్‌డ్రా ఫైళ్లలో కొన్నైనా ఈరోజు తెరుచుకుంటున్నాయి. జీతం కోసం కాకుండా, ఎవరివో పాత ఫైళ్లు తెరుచుకోవాలని ఆ పని చేసినవాళ్లందరికీ మనం రుణపడి ఉన్నాం.

బ్రౌజర్‌లో నడిచే డిజైన్ టూల్స్‌తో ఈ చిక్కు ఇంకో రూపం తీసుకుంది. అక్కడ ఫైల్ మన దగ్గర ఉండదు, లేయర్లు వాళ్ల సర్వర్‌లో ఉంటాయి. బయటకు తెచ్చుకోవాలంటే వాళ్లు ఇచ్చే ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లే దిక్కు. ఆ ఆప్షన్లలో ఏది ఏం పోగొడుతుందో పని మొదలుపెట్టకముందే ఒక చిన్న నమూనా బొమ్మతో పరీక్షించి చూడాలి. ఒక మల్టిప్లై నీడ, గ్రూప్ లోపల గ్రూప్, ఒక మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచేది), ఒక తెలుగు వాక్యం ఉంటే చాలు, ఏం మిగులుతుందో ఏం పోతుందో తేలిపోతుంది.

పని పూర్తయిన రోజే, ఏ లేయర్ దేనికో ఇంకా గుర్తున్నప్పుడే, దాచుకునే కాపీలు తయారుచేస్తాను. ప్రోగ్రాం సొంత ఫైల్ ఒకటి. పిక్సెల్ బొమ్మ అయితే నార్మల్ మోడ్‌కు తెచ్చిన లేయర్లతో ఓపెన్‌రాస్టర్, వెక్టర్ అయితే గ్రూపులకు పేర్లు పెట్టిన ఎస్‌వీజీ ఒకటి. పూర్తిగా కలిపేసిన పీఎన్‌జీ ఒకటి. పక్కన, ఏది ఎందుకు కలిపానో రాసిన నోట్. మొన్నటి పిల్లవాడి బొమ్మకు రాసిన నోట్‌లో ఇలా ఉంది: "నీడ: నార్మల్, నలుపు, ఓపాసిటీ 40. విడిగా కదపవచ్చు. ఆకాశం, కొండలు: సాఫ్ట్ లైట్ వెలుగుతో సహా కలిపేశాను, విడదీయలేరు. కుడి చేయి: వెనక చొక్కా పూర్తిగా గీశాను. ఎడమ చేయి: గీయలేదు, కదపాలంటే చెప్పండి."